చేయి ముందా, గేజ్ ముందా: కారు ఏసీ జబ్బు కనిపెట్టడంపై ఒక సంవాదం

కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయే సరుకు కాదు. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్ అనే నాలుగు భాగాలను కలిపే మూసిన దారిలో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడి ఆవిరిగా ముందుకు తోస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి ఆవిరి ద్రవమవుతుంది. సన్నని వాల్వ్ దాటగానే ఒత్తిడి పడిపోయి ఆ ద్రవం మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని కూలింగ్ కాయిల్ మీదుగా వీచే గాలి నుంచి లాక్కుంటుంది. లోపల కూర్చున్నవారికి తగిలే చల్లదనం అదే. కాబట్టి చల్లదనం తగ్గిందంటే లోపం ఈ చక్రంలో ఎక్కడైనా ఉండవచ్చు. చక్రం బయట ఫ్యాన్‌లోనో, బెల్టులోనో, రిలేలోనో, గాలి ఫిల్టర్‌లోనో కూడా ఉండవచ్చు. షెడ్డులో మొదట వినబడే మాట మాత్రం చాలాసార్లు ఒక్కటే: "గ్యాస్ అయిపోయింది."

ఆ మాట చుట్టూనే ఈ సంవాదం. ఇందులో ఒకరు ఉస్తాద్. రేకుల షెడ్డులో చేత్తో పైపులు పట్టుకుని, చెవితో కంప్రెసర్ విని పని నేర్చుకున్నవాడు. రెండోవాడు ఇంజనీరు. గేజ్‌లు, తూకం యంత్రం, నైట్రోజన్ సిలిండర్ లేనిదే బండి ముట్టనివాడు. ఇద్దరూ నమూనా పాత్రలే. వాదనలు మాత్రం హైదరాబాదు నగరంలో ఏ ఏసీ షెడ్డుకు వెళ్లినా వినబడేవి. చోటు అఫ్జల్‌గంజ్. అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా పేరు మీద వెలసిన ఈ పేటకు ఒక పక్క నయాపూల్, ఉస్మానియా ఆసుపత్రి, ఇంకో పక్క బేగంబజార్, గౌలిగూడ. సిటీ బస్సులు, సరుకు ఆటోలు, తోపుడుబండ్ల మధ్య కారు మొదటి గేరు దాటదు. 1966 జూన్ 2న హైదరాబాదులో 45.5 డిగ్రీలు నమోదయ్యాయి. అంత ఎండ లేకపోయినా, ముందున్న బస్సు ఇంజిను వేడి, కాలిన తారు వేడి కలిసి కండెన్సర్‌కు తగిలే గాలిని వాతావరణ శాఖ చెప్పే అంకె కంటే బాగా పైకి తీసుకుపోతాయి. ఏసీలో ఏ బలహీనత ఉన్నా ముందు బయటపడేది ఇలాంటి చోటనే.

ఉస్తాద్: బండి రాంగనే గేజ్ పెడతవేంది తమ్మీ? ముందుగాల డ్రైవర్‌ని అడుగు. ఎప్పుడు చల్లగుంటది, ఎప్పుడు పోతది? సగం జవాబు ఆయన నోట్లెనే ఉంటది.

ఇంజనీరు: డ్రైవర్ చెప్పేది ఆయనకు ఎలా తోచిందో అది, ఉస్తాద్. మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టిన కారు ఎక్కినవాడికి అయిదు నిమిషాలదాకా ఏ ఏసీ అయినా పాడైనట్టే ఉంటుంది. కొలత లేకుండా నమ్మేదెట్లా?

మొదటి అంశంలో ఉస్తాద్ వైపే బలం ఉంది. లక్షణం ఎప్పుడు కనబడుతుందన్నది గేజ్ చూపించలేని సమాచారం. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద చల్లగా ఉండి, మెహిదీపట్నంలో దిగి నాంపల్లి మీదుగా అఫ్జల్‌గంజ్ సిగ్నల్‌కు చేరేసరికి వెచ్చబడే కారులో గ్యాస్‌ను అనుమానించే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. బండి ఆగితే ఆ పని మొత్తం ఫ్యాన్‌దే. ఫ్యాన్ అసలు తిరగకపోవడం ఒక్కటే లోపం కాదు. రెండు వేగాల ఫ్యాన్‌లో పెద్ద వేగం పోయి చిన్న వేగం మిగిలినా, మోటారు అరిగి నెమ్మదించినా ఫలితం ఇదే. కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నా అంతే.

గంటసేపు చల్లగా ఉండి, ఆ తర్వాత గాలి సన్నబడిపోతే జబ్బు వేరు. కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టి గాలి దారిని మూసేస్తుంది. బండి ఆపిన కాసేపటికి కింద మామూలు కంటే ఎక్కువ నీరు కారుతుంది, మళ్లీ అంతా బాగుంటుంది. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోవడమో, కాయిల్ చల్లదనాన్ని కొలిచే సెన్సర్ తప్పు చెప్పడమో దీనికి సాధారణ కారణాలు. బ్లోవర్ గాలి ధాటిగా వస్తూనే ఉండి చల్లదనం మాత్రం పోయి, ఏసీ ఆపి కాసేపాగి వేస్తే తిరిగి వస్తే అది గ్యాస్‌లో చేరిన తేమ. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని రంధ్రంలో ఆ తేమ గడ్డకట్టి దారి మూస్తుంది, కరిగితే తెరుస్తుంది.

పొద్దున పనిచేసి ఎండ ముదిరాక మానేసేది ఇంకొకటి ఉంది. కంప్రెసర్ క్లచ్ అరిగినకొద్దీ దాని పలకల మధ్య సందు పెరుగుతుంది. తీగచుట్ట వేడెక్కితే నిరోధం పెరిగి అయస్కాంత బలం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో పట్టుకున్న క్లచ్, వేడెక్కాక ఆ సందును దాటి పట్టుకోలేదు. ఆ సందు మామూలుగా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండాలి. ఇంత చిన్న తేడాకు కంప్రెసర్ మొత్తం మార్పించుకున్నవాళ్లున్నారు. డబ్బు వృథా అయ్యే చోట్లలో ఇది ముఖ్యమైనది కాబట్టి, క్లచ్ దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడనిదే కంప్రెసర్ చచ్చిపోయిందని ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. కరెంటు వచ్చి కూడా పట్టుకోకపోతే లోపం క్లచ్‌లో ఉంది. రాకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ చూడాలి. ఇంజిను వేడెక్కినప్పుడు కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది. అప్పుడు మందు వేయవలసింది ఏసీకి కాదు, రేడియేటర్‌కు.

ఉస్తాద్: ఇగ చెయ్యి పెట్టి చూడు. కాయిల్ నుంచి వొచ్చే లావు పైపు చల్లగుండి చెమట పట్టాలె. కంప్రెసర్ నుంచి పొయ్యే పైపు కాలాలె. కండెన్సర్ దాటినంక సన్న పైపు గోరువెచ్చగ, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క తీరుగుండాలె. నడుమల్నే చల్లబడ్డదంటే గక్కడ్నే చోకప్ ఉన్నట్టు.

ఇంజనీరు: ఆ పరీక్షకు నేను అడ్డు చెప్పను. కానీ కంప్రెసర్ పైపు ఎంత కాలుతోందో చేయి చెప్పదు. చర్మం మాత్రం ఊడుతుంది.

వేలితో తాకి వెంటనే తీయవలసిన పైపు అది. 70, 80 డిగ్రీలకు చేరడం మామూలే. ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం ఈ పనిని క్షేమంగా చేస్తుంది. ఉస్తాద్ పద్ధతిలోని తర్కం మాత్రం గట్టిది. తేమను పీల్చే డ్రయర్‌కు ముందు వెచ్చగా, తర్వాత చల్లగా ఉంటే డ్రయర్ మూసుకుపోయింది. కాయిల్ నుంచి వచ్చే లావు పైపు చల్లగా చెమట పడుతూ, లోపల గాలి మాత్రం వెచ్చగా వస్తుంటే గ్యాస్ తన పని తాను చేస్తోందని అర్థం. వేడి గాలినీ చల్లగాలినీ కలిపే తలుపు డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో ఇరుక్కుంది. ఈ నిర్ణయానికి గేజ్ అక్కర్లేదు. పైగా గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ కాస్త గ్యాస్ పోతుంది, గొట్టాల్లో గాలి ఉంటే అది లోపలికి చేరుతుంది. చిన్న కారులో మొత్తం గ్యాసే సుమారు 400 గ్రాములు అయినప్పుడు ఆ కాస్త కూడా లెక్కలోకి వస్తుంది.

అసలు తగాదా గేజ్ పెట్టాక మొదలవుతుంది.

ఉస్తాద్: బండి బంద్ ఉన్నప్పుడు గేజ్ 110 జూపిస్తున్నది. గ్యాస్ మస్తుగున్నట్టే గద?

ఇంజనీరు: లేదు ఉస్తాద్. గ్యాస్ ఉన్నదని మాత్రమే తెలిసింది. ఎంత ఉన్నదో తెలియలేదు.

ఇక్కడ ఇంజనీరు మాట తిరుగులేనిది. నేడు మన రోడ్ల మీది కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్ మూసిన చోట ద్రవం, ఆవిరి రెండూగా ఉన్నంతసేపు దాని ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుందే తప్ప పరిమాణాన్ని బట్టి ఉండదు. 35 డిగ్రీల దగ్గర అది సుమారు 114 పీఎస్‌ఐ, 40 డిగ్రీల దగ్గర సుమారు 133. వంటింటి సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగంటబోతున్నా పొయ్యి మంట ఒకేలా వెలుగుతుంది, ఎంత ఉందో తెలియాలంటే ఎత్తి చూడాల్సిందే, ఇదీ అలాంటిదే. సగం గ్యాస్ పోయిన కారు కూడా ఆగి ఉన్నప్పుడు ఆరోగ్యంగానే కనబడుతుంది.

అయితే ఆ నిలకడ అంకె పూర్తిగా దండగ కాదు. బండి ఆగి బాగా చల్లారాక, బయటి ఉష్ణోగ్రతకు పట్టికలో ఉన్న ఒత్తిడి కంటే గేజ్ బాగా ఎక్కువ చూపిస్తే లోపల గాలి చేరింది, లేదా గ్యాసే వేరే రకం. అంటే పరిమాణం చెప్పని అంకె శుద్ధిని చెబుతుంది. ఇంత ఉపయోగమున్న పరీక్షను షెడ్డుల్లో చేసేవారు తక్కువ. బండి చల్లారేదాకా ఆగే ఓపిక గిరాకీకీ ఉండదు, మేస్త్రీకీ ఉండదు.

ఇంజిను నడుస్తున్నప్పుడు రెండు గేజ్‌లను కలిపి చదవాలి. ఎండాకాలంలో తక్కువ ఒత్తిడి వైపు 30 నుంచి 45, ఎక్కువ ఒత్తిడి వైపు 200 నుంచి 250 పీఎస్‌ఐ దాకా ఉండటం మామూలు. రెండూ పడిపోతే గ్యాస్ తక్కువైంది. కింది వైపు పెరిగి పైవైపు తగ్గి రెండూ దగ్గరికి వస్తే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. కింది వైపు సున్నా దాటి వాక్యూమ్‌లోకి పోతే దారిలో ఎక్కడో అడ్డు పడింది. మంచు పట్టిన చోటు వెతికితే ఆ అడ్డు దొరుకుతుంది. చిక్కు తెచ్చేది రెండూ పెరిగిపోవడం. ఫ్యాన్ పోయినా, కండెన్సర్ మూసుకున్నా, గ్యాస్ ఎక్కువైనా, గాలి చేరినా గేజ్‌లు ఒకే బొమ్మ చూపిస్తాయి.

ఉస్తాద్: గీ నాలుగింట్ల ఏదో గేజ్ చెప్పది. నేను చెప్త. కండెన్సర్ మీద ఒక మగ్గు నీళ్లు గొట్టు. చల్లబడ్డదంటే కండెన్సర్‌కు గాలి తక్కువైనట్టు.

ఇంజనీరు: మంచి పరీక్ష. కానీ గ్యాస్ ఎక్కువై ఉన్నా నీళ్లు కొడితే ఒత్తిడి దిగుతుంది, చల్లబడుతుంది. ఫ్యాన్ బలహీనమైన బండికి నిన్న ఎవరో టాపప్ చేసి ఉంటే రెండు జబ్బులూ కలిసి వస్తాయి.

ఎండాకాలపు అఫ్జల్‌గంజ్‌లో తిరిగి తిరిగి జరిగే పొరపాటు ఇదే. ఫ్యాన్ నెమ్మదించిన కారు సిగ్నల్లో వెచ్చబడుతుంది. గ్యాస్ తక్కువైందని డబ్బా ఎక్కిస్తారు. అదనపు ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమించి, ఆవిరి ద్రవంగా మారే స్థలాన్ని తగ్గిస్తుంది. ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మితి దాటితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది, దిగితే మళ్లీ వేస్తుంది. డ్రైవర్‌కు ఇది "ఏసీ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది" అని తెలుస్తుంది. రాత్రి చల్లటి వేళ అంతా బాగుంటుంది కాబట్టి జబ్బు దొరకదు. చివరికి కంప్రెసర్ దెబ్బతింటుంది. ఖర్చంతా లెక్కవేస్తే మొదట మార్చవలసిన ఫ్యాన్ మోటారు చాలా చవక.

ఉస్తాద్: మా కాలంల డ్రయర్ మీద అద్దముండేది. నురుగ పోయేదాక గ్యాస్ ఎక్కించేటోళ్లం. ఒక్క బండి వాపస్ రాలే.

ఇంజనీరు: అది ఆర్-12 కాలం. గ్యాస్ మారింది, నూనె మారింది, కొలత కూడా మారాలి కదా.

ఓజోన్ పొరకు చేటు చేసే గ్యాస్‌లను తొలగించాలన్న మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరింది, భారతదేశం 1992లో అందులో చేరింది. ఆర్-12 స్థానంలోకి క్లోరిన్ లేని ఆర్-134ఏ వచ్చింది. పాత గ్యాస్‌లో అద్దంలో నురుగు పోవడం నిండుదనానికి గుర్తు. ఆర్-134ఏలో సరైన కొలత ఉన్నా బుడగలు కనబడవచ్చు. అవి పోయేదాకా ఎక్కిస్తే ఎక్కువైపోతుంది. ఖాళీ అయిన అద్దం కూడా నిర్మలంగానే కనబడుతుంది. లీకు పట్టే పాత దీపానికీ అదే గతి పట్టింది. క్లోరిన్ తగిలితే పచ్చగా మారే ఆ మంట ఆర్-134ఏ ముందు రంగు మారదు. పాత అనుభవం అబద్ధం కాదు, అది నిలబడిన నేల మాత్రం జరిగిపోయింది.

కొత్త కొలత తూకం. బానెట్ కింద అతికించిన కాగితం మీద ఆ బండికి ఎన్ని గ్రాముల గ్యాస్, ఏ రకం నూనె కావాలో రాసి ఉంటుంది. ఉన్న గ్యాస్‌ను యంత్రంతో బయటికి తీసి తూచితే ఎంత పోయిందో లెక్క తేలుతుంది. ఆ తర్వాత వాక్యూమ్ పంపుతో తేమ, గాలి లాగేసి, కాగితం మీది బరువే ఎక్కించాలి. ఒక డబ్బా, ఒకటిన్నర డబ్బా అనే లెక్క తూకం కాదు.

డబ్బా లోపలిది కూడా అనుమానించదగిందే. పైన 134ఏ అని రాసి లోపల మండే గ్యాస్‌లు, ఇతర రసాయనాలు కలిపిన నకిలీ సరుకు ప్రపంచమంతటా పట్టుబడింది. 2011లో ఇలాంటి కల్తీ గ్యాస్ అల్యూమినియంతో చర్య జరిపి ఓడల శీతల కంటెయినర్లు పేలి ముగ్గురు చనిపోయారు. ధర మరీ తక్కువ అన్నప్పుడు జాగ్రత్తపడటం చాదస్తం కాదు.

ఉస్తాద్: అన్నీ నిజమే తమ్మీ. గానీ క్యాబ్ డ్రైవర్ దినాం తిరిగితేనే ఇల్లు నడుస్తది. బండి రెండు దినాలు ఇడిసిపెట్టు, నైట్రోజన్ కొడత, డ్యాష్‌బోర్డు ఇప్పుత అంటే ఆగుతడా? గ్యాస్ ఏస్తే ఈ ఎండకాలం గడుస్తది.

ఇంజనీరు: ఎండాకాలం గడిస్తే సరే. మూడు వారాలకే మళ్లీ వస్తే?

ఉస్తాద్ చెప్పిన కష్టం ఊహ కాదు. 2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ హైదరాబాదులో "నో ఏసీ" ప్రచారం చేపట్టింది. యాప్ క్యాబ్ కంపెనీలు ఇచ్చే కిరాయి ఏసీ నడిపే ఖర్చుకు సరిపోవడం లేదన్నది డ్రైవర్ల ఫిర్యాదు. అలాంటి ఆదాయంలో మరమ్మతు ఖర్చు పెద్ద బరువే. కానీ ఆ బరువును బట్టి చూస్తేనే ఊరికే గ్యాస్ వేయడం తప్పని తేలుతుంది. రబ్బరు గొట్టాల నుంచి, కంప్రెసర్ సీల్ నుంచి ఏటా కొద్ది గ్రాములు పోవడం సహజం. అయిదారేళ్ల బండికి ఒకసారి గ్యాస్ సరిచేయడం తప్పు కాదు. ఒకే ఎండాకాలంలో రెండుసార్లు అడిగే బండికి మాత్రం రంధ్రం ఉంది. గ్యాస్‌తోపాటే నూనె తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ తగ్గితే కంప్రెసర్‌కు నూనె అందదు.

లీకు వెతకడంలో నూనె మరకే తొలి సాక్షి. గ్యాస్ కంటికి కనబడదు, కానీ పోయిన చోట నూనె వదిలి పోతుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లగా మెరుస్తుంది. రాళ్లు తగిలే కండెన్సర్ ముందు భాగం, పైపుల జోడింపుల్లోని ఓ-రింగులు, కంప్రెసర్ ముందు సీల్, గ్యాస్ ఎక్కించే పిన్ వాల్వ్ ముందుగా చూడవలసినవి. పిన్ వాల్వ్ మీది చిన్న మూత చాలా బండ్లకు ఉండదు. నెమ్మదిగా పోయే గ్యాస్‌ను ఆపే చివరి అడ్డు అదే. సబ్బు నురుగు పెద్ద లీకులను పడుతుంది. కూలింగ్ కాయిల్ లీకును డ్యాష్‌బోర్డు విప్పకుండానే అనుమానించవచ్చు. ఈ గ్యాస్ గాలికంటే బరువైనది కాబట్టి, నీరు కారే గొట్టం నోటి దగ్గర పసిగట్టే పరికరం పెడితే అది కూత వేస్తుంది.

ఉస్తాద్: నేను అర్ధగంట వాక్యూమ్ పెట్టి చూస్త. సూది కదలకుంటే లీకు లేనట్టే.

ఇంజనీరు: వాక్యూమ్‌లో గోడల మీద పడే తేడా ఒక వాతావరణ పీడనమంతే, 15 పీఎస్‌ఐ లోపు. బండి నడిచేటప్పుడు లోపల 200 దాటుతుంది. పైగా బయటి నుంచి లోపలికి నొక్కితే ఓ-రింగు అతుక్కుంటుంది, లోపలి నుంచి నొక్కితే తెరుచుకుంటుంది.

వాక్యూమ్ నిలవకపోతే లీకు ఉన్నట్టే. నిలిస్తే లేదని చెప్పలేం. పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా, తయారీదారు చెప్పిన హద్దులో ఎక్కించి చూసేదే నమ్మదగ్గ పరీక్ష. మామూలు కంప్రెసర్ గాలి ఎక్కించడం ప్రమాదం, అందులో తేమ కూడా ఉంటుంది. లీకు పూడ్చే మందు అని డబ్బాల్లో అమ్మేది కొన్నాళ్లకు వాల్వ్‌ను, సర్వీసు యంత్రాన్ని కూడా పూడ్చేయగలదు. దీని మీద మాత్రం ఉస్తాద్‌కూ ఇంజనీరుకూ పేచీ లేదు.

కొత్త బండ్ల దగ్గర ఇద్దరి ఆయుధాలూ కొంత మొద్దుబారతాయి. అవసరాన్ని బట్టి తన పనిని తానే తగ్గించుకునే కంప్రెసర్లలో క్లచ్ "టక్" మన్న శబ్దం వినబడకపోవచ్చు, కొన్నింట్లో క్లచ్చే ఉండదు. తక్కువ ఒత్తిడి దాదాపు ఒకే అంకె దగ్గర నిలబడి ఉంటుంది, కాబట్టి పాత గేజ్ పట్టిక మోసం చేస్తుంది. లోపలి కంట్రోల్ వాల్వ్ ఒక్కటి పోతే కంప్రెసర్ పోయినట్టే కనబడుతుంది. స్కానర్‌తో కంప్యూటర్ ఏమి ఆజ్ఞ ఇస్తోందో చూడక తప్పదు. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్ల మీద వందల వోల్టులు నడుస్తాయి. అక్కడ మామూలు నూనె పోస్తే కంప్రెసర్ లోపలి తీగల ఇన్సులేషన్ దెబ్బతింటుంది. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఈ గ్యాసే. శిక్షణ లేని చేయి అక్కడ పడకూడదు.

ఈ తగాదాలో క్రమం విషయంలో ఉస్తాద్ గెలిచాడు: ముందు మాట, తర్వాత ఫ్యాన్, బెల్టు, ఫిల్టర్, కరెంటు, పైపుల వేడి, గేజ్ ఆ తర్వాతే. గ్యాస్ విషయంలో ఇంజనీరు గెలిచాడు: లీకు తేలాక, తూకంతో, అన్నింటికంటే చివర. బండి ఇచ్చేవారు బిల్లు మీద రెండు అంకెలు రాయించుకోవాలి. ఎన్ని గ్రాముల గ్యాస్ బయటికి తీశారు, ఎన్ని గ్రాములు లోపలికి ఎక్కించారు. ఆ రెండూ రాయలేని చోట "గ్యాస్ అయిపోయింది" అన్న మాటకు డబ్బు కట్టనక్కర్లేదు.